మనోళ్లకే పడక

ఆ ఇంట్లో పడక కావాలంటే దినార్ల కంటే ముందు నాలుక చూపించాలి.

కువైట్‌లో, షర్క్ పేటలో, చేపల మార్కెట్ వెనక సందులో ఉండేది ఆ పాత అరబ్బీ ఇల్లు. మధ్యలో బండలు పరిచిన వాకిలి, చుట్టూ నాలుగు గదులు. ఒక గదిలో ఓబులేసూ అతని భార్య సంజీవమ్మా ఉంటారు. మిగతా మూడింటిలో గదికి నాలుగేసి ఇనప మంచాలు. పాత ఇళ్లు కూల్చి ఆఫీసులు కట్టడానికి బలదియా వాళ్లు, అదే మునిసిపాలిటీ వాళ్లు, సందంతా తిరిగి గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి పోయారు. కుటుంబాలుండే పేటల్లో ఒంటరి మగవాళ్లకు ఇల్లివ్వరు. దాంతో మిగిలిన నాలుగు పాత కొంపలకీ ఎగబడేవాళ్లు ఎక్కువయ్యారు. రోజుకొకడు వచ్చి, మీరిచ్చేదాని మీద సగం ఎక్కువిస్తాం, మాకివ్వండి అనేవాడు. అందుకని ఓబులేసు ఒక కట్టుబాటు పెట్టాడు. ఎవరెంత ఎక్కువిచ్చినా సరే, మన కడప జిల్లా మాట మాట్లాడేవాళ్లకే పడక.

పక్క సందులో ఇలాంటి ఇల్లే ఒకటి ఉండేది. అద్దె ఎక్కువిస్తాడని పరాయి భాషవాణ్ణి ఒక్కణ్ణి పెట్టుకున్నారు. ఏకై వచ్చి మేకైనట్టు, రెండేళ్లలో అతని తరఫువాళ్లు గదులన్నీ పట్టేశారు. మనవాళ్లు ఎడారి అంచున రేకుల షెడ్లకు పోయారు. ఆ వాకిట్లో ఇప్పుడు తెలుగు ముక్క వినపడదు. కాబట్టి ఓబులేసు కట్టుబాటు మంచిదే. అసలు చిక్కంతా మంచి కట్టుబాట్లతోనే. చెడ్డదయితే మనిషి కాస్త సిగ్గుపడుతూ పాటిస్తాడు.

గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. శనివారానికి ఫోన్లు పోయాయి, చేపల మార్కెట్ మూతపడింది, కువైటీలు కార్లలో దొరికినంత సర్దుకుని సౌదీ దారి పట్టారు. వాళ్ల ఇళ్లల్లో వంటా వార్పూ చేసే ఆడవాళ్లు వీధిన పడ్డారు. ఆ సాయంత్రం ఓబులేసు అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు. అతను ఒక కంపెనీలో డ్రైవరు, యాభై ఏళ్ల మనిషి. గొంతు పెంచడు, కానీ అతను మాట్లాడేటప్పుడు ఇంకొకరు దగ్గను కూడా దగ్గరు.

"మన పక్క ఆడోళ్లు ఈ ఊళ్లో ఎంతమంది పని చేస్తాండారో మీకు తెలుసు. పనిలో పెట్టుకున్న కఫీలు పారిపోతే యాడికి పోతారు? ఈడికే వస్తారు. సెలవు మీద పోయినోళ్లయి నాలుగు మంచాలు ఖాళీ. ఆ గదిలో కింద కూడా పండుకుంటే పది మంది పడతారు. పదకొండో మనిషికి జాగా లేదు. ఆ పది మందీ మనోళ్లే అయుండాల."

"వచ్చినోళ్లంతా మేమూ మీవోళ్లమే అంటే ఏం చేస్తావన్నా?" అన్నాడు ఆఫీసులో టైపిస్టుగా పనిచేసే నాగేంద్రప్రసాద్.

"సంగటి ఎట్లా గెలకాల్నో చెప్పమందాం," అన్నాడు తిమ్మయ్య. "ఎసట్లో నూకలెప్పుడు పోయాల, పిండి ఎప్పుడెయ్యాల, తెడ్డు యాడ పెట్టాల. మన పక్క పుట్టినోళ్లకు ఎవురన్నా నేర్పాల్నా?"

అందరూ నవ్వారు. మూడు రోజుల తర్వాత ఆ వాకిట్లో మొదటి నవ్వు అది. ఓబులేసు కూడా నవ్వి, "అయితే నువ్వే కూకో తలుపు కాడ. మనోళ్లెవురో నువ్వయితేనే సరిగ్గా గుర్తు పడతావు," అన్నాడు.

తిమ్మయ్యకు గుమ్మడికాయల దొంగ సామెత గుర్తొచ్చి చెయ్యి భుజం దాకా పోబోయింది. ముప్పై రెండేళ్లవాడు, మార్కెట్లో చేపలు శుభ్రం చేస్తాడు. జుబైదీ చేపకు పొలుసు గీకి, మొప్పలు లాగి, కడుపు చీల్చి కడిగి ఇవ్వడానికి అతనికి నిమిషం చాలు. కానీ ఈ ఇంట్లో అతని పేరు చేపల వల్ల రాలేదు, మాట వల్ల వచ్చింది. ఉత్తరాలు చదివేది అతనే, రాసేది అతనే, మాట మాటకీ సామెత తగిలించేది అతనే. ఆ తెలుగు అతని తల్లి నేర్పింది కాదు. రాయచోటికి అవతల గుట్టల్లో ఉన్న సుగాలీ తాండా అతనిది. ఎనిమిదో ఏట బడిలో పడేదాకా అతనికి తాండా మాట తప్ప ఇంకో మాట రాదు. నాలుగేళ్ల కిందట ఈ తలుపు ముందు నిలబడినప్పుడు "ఏ ఊరప్పా?" అని ఓబులేసు అడిగితే "రాయచోటి" అన్నాడు. మంచం దొరికింది. అబద్ధం కాదు, బస్సు ఎక్కింది అక్కడే. ఆ తర్వాత నిజం చెప్పడానికి వీలున్న రోజులు చాలా వచ్చాయి, ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకాస్త కష్టమైంది. ఇప్పుడు చెబితే మంచమూ పోతుంది, మర్యాదా పోతుందని అతని భయం.

ఆదివారం పొద్దున తలుపు దగ్గర నూనె డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఇనప తలుపుకి చిన్న కిటికీ రెక్క ఉంది. ఎవరైనా తడితే రెక్క తీసి మాట్లాడాలి, తర్వాతే గడియ.

మొదట హమీదా బీ వచ్చింది. రాయచోటి మనిషి, సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేసేది. బుర్ఖా అంతా దుమ్ము, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంగటి సంగతి అడిగితే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందిరా నాయనా, నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కి నేనొస్తే నువ్వు సంగటి గురించి అడుగుతాండావు? నూకలు ఉడికినాక పిండేసి మూత పెట్టల్ల. ఆవిరి పట్టినాక గెలకల్ల. గడ్డలు కడితే మా అత్త తెడ్డు నా ఈపున గెలికేది. చాల్నా, ఇంకా చెప్పాల్నా?"

తిమ్మయ్య గడియ తీశాడు. తన పరీక్ష బాగా పనిచేస్తోందని అతనికి గర్వంగా అనిపించింది. మధ్యాహ్నం లోపల ఇంకా ఐదుగురు వచ్చారు. ముగ్గురు లోపలికి పోయారు. ఇద్దరు కేరళ నర్సులను, మీవాళ్లు ఫలానా స్కూల్లో ఉన్నారని దారి చెప్పి పంపాడు. వాళ్లు థ్యాంక్స్ చెప్పి మరీ వెళ్లారు.

ఎండ నెత్తిమీదికి వచ్చిన వేళ తలుపు మీద చప్పుడు వినబడింది. తట్టడం కాదు, అరచేత్తో రాసినట్టుంది. రెక్క తీశాడు. పాతికేళ్ల ఆడమనిషి. ఇంట్లో తొడుక్కునే పొడుగు గౌను, తలకు తుండుగుడ్డ. ఒక కాలికే చెప్పు ఉంది, రెండో పాదం కింద అట్టముక్క పెట్టి గుడ్డతో కట్టుకుంది. తలుపు పట్టుకున్న ఆ చేతి వెనక పచ్చబొట్టు చుక్కలు, మణికట్టు దాకా మూడు వరసలు. తిమ్మయ్య తల్లి చేతి మీదా అవే చుక్కలు, అదే వరస.

"పేరేంది?"

"చిన్నక్క."

"ఏ ఊరు?"

"రాయచోటి," అంది. సరిగ్గా అతను చెప్పినట్టే చెప్పింది.

ఇక అడగనక్కర లేదు. గడియ మీద చెయ్యి వేస్తే సరిపోయేది. కానీ లోపల వాకిట్లో నాగేంద్రప్రసాదూ ఇంకో ఇద్దరూ నీడపట్టున కూర్చుని వింటున్నారు. అడక్కుండా తీస్తే, ఎట్లా తెలిసింది అంటారు. తిమ్మయ్య అందరినీ అడిగిన గొంతుతోనే సంగటి సంగతి అడిగాడు.

ఆమె పెదాలు తడుపుకుంది. సంతలో కట్టెలమ్మడానికి సరిపోయేంత తెలుగే ఆమెది. అది కూడా భయంతో ఎండిపోయింది. "మేము రొట్టె," అంది. "జొన్న రొట్టె. సంగటి... పండగప్పుడు. మామా ఇల్లు తాళం. మామా, బాబా అందరూ కారు. నాకు లే, సీటు లే. యల్లా అని..." చేత్తో తోసినట్టు చూపించింది. మామా, బాబా అంటే యజమానురాలూ యజమానీ, పనివాళ్ల పిలుపులో. తర్వాత మాటలు దొరక్క ఆగిపోయింది. తల వంచుకుని, ఎవరితోనూ కానట్టు, నాలుక పిడచ కట్టుకు పోతోంది, ఒక్క గుక్క నీళ్లు దొరికితే చాలు తల్లీ అని తాండా మాటలో గొణిగింది.

తిమ్మయ్య లేచి వెళ్లి కుండలో చెంబు ముంచి తెచ్చాడు. రెక్కలోంచి అందించాక గానీ అతనికి తెలియలేదు, ఆమె తెలుగులో అడగలేదని.

ఆమెకు ముందే తెలిసిపోయింది. చెంబు రెండు చేతులా పట్టుకుని, తాగకుండా, అతని మొహంలోకి చూసింది. ఆ మొహం విప్పారిన తీరు అతను తర్వాత ఎన్ని రోజులైనా మరిచిపోలేకపోయాడు. గబగబా తాండా మాటలో మొదలుపెట్టింది. నువ్వు మా అన్నవే, ఏ తాండా మీది, ఎవరి కొడుకువి, రెండు రోజులుగా నడుస్తున్నా, నా మాట ఎవరికీ తెలియలేదు అని చెప్పుకుపోతోంది. మాటల మధ్యలో ఏడుపు, ఏడుపు మధ్యలో నవ్వు.

"ఎవురది తిమ్మయ్యా?" లోపలి గదిలోంచి ఓబులేసు గొంతు.

దొంగకు తేలు కుట్టినట్టయింది తిమ్మయ్యకు. ఆమెకు బదులు చెప్పడానికి ఒక్క మాట చాలు, ఓబులేసుకు చెప్పడానికీ ఒక్క మాటే చాలు. అతను రెండోదాన్ని ఎంచుకున్నాడు.

"మనోళ్లు కాదన్నా," అన్నాడు గట్టిగా. ఆమె వైపు తిరిగి తెలుగులో, ఇంకా గట్టిగా, "ఈడ జాగా లేదమ్మా. వేరే చోట చూసుకో," అన్నాడు.

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత నీళ్లు తాగింది, చెంబును జాగ్రత్తగా రెక్కలోంచి లోపల పెట్టింది. అట్టముక్క కట్టిన కాలు ఈడ్చుకుంటూ సందు చివరిదాకా పోవడం అతను చూడలేదు, విన్నాడు. రెక్క అప్పటికే మూసేశాడు.

ఆ పూట అన్నం తినలేకపోయాడు. కడుపులో బాగాలేదన్నాడు. సంజీవమ్మ మజ్జిగ కలిపి ఇస్తే, ఆ గ్లాసు పట్టుకుని సిగ్గుతో అలాగే కూర్చున్నాడు. చోటు లేక పంపలేదు. గదిలో అప్పటికి నలుగురే ఉన్నారు. ఇంకా ఆరుగురు పడతారని అతనికి తెలుసు.

సోమవారం రొట్టెల కోసం బయల్దేరాడు. బేకరీ ముందు క్యూ వీధి మలుపు దాకా ఉంది. మలుపులో ఇరాక్ సైనికులు ఇసుక బస్తాలు పేర్చి నిలబడ్డారు. ఒకడు తుపాకీ కొసతో ఆపి, మొహం చూశాడు. "హిందీ," అన్నాడు తిమ్మయ్య, ఇండియావాణ్ణని అరబ్బీలో. సైనికుడు తల ఊపి వదిలేశాడు. ఊరిని ఆక్రమించడానికి వచ్చినవాడు ఒక్క మాటతో దారిచ్చాడు. తను మాత్రం ఆకలితో వచ్చిన మనిషిని నిలబెట్టి వంట పరీక్ష పెట్టాడు. ఈ ఆలోచన వచ్చాక క్యూలో ముందు నిలబడ్డవాళ్ల మెడల వైపు తప్ప ఇంకెటూ చూడలేకపోయాడు.

తిరిగి వస్తూ మార్కెట్ షెడ్డులోంచి అడ్డంగా నడిచాడు. మూతపడి నాలుగు రోజులైనా చేపల కంపు పోలేదు. అతను నిలబడి పనిచేసే పాలరాతి గట్టు కింద, నీడలో, పదిహేను మంది దాకా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. సింహళం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, అందరూ యజమానులు వదిలేసిన పనివాళ్లే. వాళ్ల మధ్య చిన్నక్క ఉంది. ఎవరి భాషా ఎవరికీ రాదు. ఒక సింహళం ఆమె చిన్నక్క పాదం ఒళ్లో పెట్టుకుని, కాలిన చోట తడిగుడ్డ అద్దుతోంది.

తిమ్మయ్య రెండు రొట్టెలు తీసి గట్టు మీద పెట్టాడు. తల ఎత్తకుండా పెట్టి, తల ఎత్తకుండా పదడుగులు నడిచి, ఉండబట్టలేక వెనక్కి చూశాడు. ఒకామె రొట్టెలు తుంచి పంచుతోంది. చిన్నక్క తన ముక్క తీసుకుని, ఎవరిచ్చారోనని ఇటు చూసింది. చూసి, ఆ ముక్కను పక్కన ఉన్న పిల్లకు ఇచ్చేసింది. కోపంగా కాదు, పొరపాటున వేరేవాళ్లది తన చేతికి వచ్చినట్టు ఇచ్చింది. తిమ్మయ్య మార్కెట్ దాటి ఇంటిదాకా దాదాపు పరుగెత్తాడు.

ఆమెకు తోడు దొరికింది కదా, ఒంటరిగా లేదు కదా అని మంగళవారమంతా తనకు తాను చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది నిలవలేదు. తలుపు దగ్గర డబ్బా మీద ఇంకొకరిని కూర్చోబెట్టమంటే ఓబులేసు ఒప్పుకోలేదు.

బుధవారం ఎంబసీ నుంచి కబురు వచ్చింది. ఇండియా పోవాలనుకునేవాళ్లు పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఇవ్వాలి. చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ల దగ్గరే ఉండిపోయాయి, కాబట్టి ఈ కాగితమే ఆధారం. నాగేంద్రప్రసాద్ పాత క్యాలెండర్ కాగితం వెనక గీతలు గీశాడు. ఒక్కొక్కరే వచ్చి చెబుతున్నారు, పక్కన ఓబులేసు కూర్చుని తప్పులు సరిచేస్తున్నాడు.

"తిమ్మయ్య," అని తనే రాసుకుని, "ఊరు రాయచోటి," అంటూ కలం ఆనించాడు నాగేంద్రప్రసాద్.

"రాయచోటి అని రాయగాకు," అన్నాడు ఓబులేసు మామూలుగా. "బొంబాయిలో దిగినాక ఆఫీసరోళ్లు రాయచోటిలో ఎవుర్నడిగినా వీణ్ణి తెలీదంటారు. తాండా పేరు చెప్పు తిమ్మయ్యా. నాయన పేరు కూడా ఉండేదున్నట్టు చెప్పు, నాయక్ అని."

వాకిట్లో ఎవరూ తల తిప్పలేదు. హమీదా బీ మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆపి, ఏదో కొత్త సంగతి అన్నట్టు చూసింది. మిగతావాళ్లకు అది కొత్త కాదని ఆ చూడకపోవడంలోనే తెలిసింది తిమ్మయ్యకు.

"నీకెట్లా తెలుసన్నా?"

"నాలుగేండ్ల నుంచి నిద్దట్లో ఆ మాటే మాట్లాడతాండావు కదప్పా. నీ గదిలో పండుకున్నోళ్లందరికీ తెలుసు. మొదట్లో ఈ నాగేంద్రుడొచ్చి, అన్నా, వీడు మనోడు కాదు, కట్టుబాటు తప్పినాడు అన్నాడు. మన జిల్లా గుట్టల్లో పుట్టినోడు మనోడు కాకపోతే ఇంకెవురోడు అంటి. నువ్వు దాచుకుంటాండావు కాబట్టి మేమూ ఊరకున్న్యాం."

తిమ్మయ్య గోడకు ఆనుకున్నాడు. తేలిక పడాల్సిన మాట అది. నాలుగేళ్ల బరువు దిగాల్సిన మాట. కానీ అతని చూపు తలుపు రెక్క మీదికి పోయింది.

"అన్నా," అన్నాడు. "మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం ఒకామొచ్చింది. మా తాండాల మనిషి. నా మాటే మాట్లాడింది. నేను కాదని పంపిచ్చినా."

ఓబులేసు కాగితాన్ని పక్కకు జరిపాడు. తిడతాడనుకున్నాడు తిమ్మయ్య, తిట్టినా బాగుండేది.

"నిన్ను ఆడ కూకోబెట్టిందే దానికి కదరా," అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "తాండాలోళ్లు వస్తే మాలో ఎవురికీ ఆ మాట తెలీదు. నీకు తెలుసు. ఎవురెవురో మాట్లాడతాంటే నాకూ లోపలికి వినపడింది. నువ్వు మనోళ్లు కాదంటివి. తిమ్మయ్యే కాదన్యాక ఇంకేముందిలే అని లేచి రాలే నేను."

సంజీవమ్మ చీర కొంగు బిగించి లేచింది.

"తెలుగు నిలబెట్టుకుంటామని కూకుంటిరి మీరు," అంది. "ఎవుర్ని నిలబెట్టినారు? ఈ పిల్లోడు తన మాట నిద్దట్లో దాచిపెట్టుకునె. నాలుగేండ్లు తెలిసీ పగటిపూట ఒక్కరోజు వానితో, నీ మాట మాట్లాడుకోరా అన్న్యామా? నేనూ అన్లే. పదండి, ఆయమ్మ యాడుందో చూపియ్యి."

ముగ్గురూ మార్కెట్‌కు పోయారు. దారిలో తిమ్మయ్య లోలోపల మాటలు సర్దుకున్నాడు. క్షమించమనడానికి తాండాలో ఏమంటారో వెతుక్కున్నాడు. చిన్నప్పుడు తల్లి కాళ్ల మీద పడి అన్న మాట ఒకటే గుర్తొచ్చింది.

చిన్నక్క అక్కడే ఉంది. గట్టు కింద, గోడకు తల ఆనించి. తిమ్మయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి పట్టపగలు, పరాయివాళ్ల ముందు, తన మాటలో మాట్లాడాడు. తప్పు చేశాను చెల్లీ, లే, ఇంటికి పోదాం అన్నాడు. ఆమె కళ్లు అతని మీద నిలవలేదు. అతని మీదుగా సంజీవమ్మను చూస్తున్నాయి.

"రామ్మా," అంది సంజీవమ్మ తెలుగులో, చెయ్యి చాపి. "జాగా ఉండాది. రా."

ఆ చెయ్యి పట్టుకుని లేచింది చిన్నక్క. రెండడుగులు వేసి ఆగింది. తన పాదానికి తడిగుడ్డ అద్దిన సింహళం ఆమె వైపు చూసి, తర్వాత ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు షెడ్డులో ఉన్నవాళ్లను వేలు చూపకుండా కళ్లతోనే లెక్కబెట్టాడు. తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "వాకిట్లో కూడా పండుకోవచ్చులే," అన్నాడు.

ఆ సాయంత్రానికి ఇల్లు కిటకిటలాడింది. వాకిట్లో ఐదు భాషలు. హమీదా బీ పెద్ద గిన్నె పెట్టి అన్నం వండింది. ఓబులేసు ఉత్సాహంగా, "ఇంగ నీకు మాట్లాడుకునేదానికి తోడు దొరికిండాది పో తిమ్మయ్యా," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

తిమ్మయ్య అందరికీ వడ్డించి, చివర్లో చిన్నక్క కూర్చున్న చోటికి వచ్చాడు. కాలికి కొత్త కట్టు కట్టి ఉంది, కంచం ఖాళీగా ఉంది. వంగి, తాండా మాటలో, మెల్లిగా, కడుపు నిండిందా చెల్లీ, ఇంకాస్త పెట్టనా అని అడిగాడు.

"చాలు సామీ," అంది ఆమె తెలుగులో, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి.

"తెలుగు బాగనే వస్తాందే పిల్లకు," అంది హమీదా బీ సంతోషంగా.

తాండాలో ఎవరూ ఎవరినీ సామీ అనరు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి పోయినప్పుడు, తలుపు తీయని ఇళ్ల ముందు నిలబడి పిలిచే పిలుపు అది. తిమ్మయ్య అన్నం గిన్నె పట్టుకుని తర్వాతి మనిషి దగ్గరికి జరిగాడు.